చుక్క నీరు కారని ట్రక్కు

నవ్వుకుంటే నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే ఒక మాట ముందే చెప్పేస్తాను: ఈ వ్యవహారంలో మునిగింది నా పరువు ఒక్కటే కాదు. ఒక ట్రక్కు మునిగింది, ఒక పెద్దమనిషి ఇస్త్రీ ప్యాంటు మునిగింది, ముహూర్తం చూసి పెట్టుకున్న ఒక ఆపరేషను కూడా మునిగింది. పని చెడగొట్టి తిట్లు తినేవాళ్ళు లోకంలో బోలెడుమంది ఉంటారు. పని బ్రహ్మాండంగా చేసి ఇంత నాశనం తెచ్చినవాణ్ణి మా పటాన్‌చెరు మొత్తానికి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక రేకుల షెడ్డులో పని. రసాయనాల ఫ్యాక్టరీలు వాడే ట్యాంకులకు లోపల ఫైబర్ లైనింగు వేస్తాం. గాజు నార పరిచి, దాని మీద రెజిన్ అనే జిగురు పూసి, అది గట్టిపడ్డాక మళ్ళీ పరిచి, మళ్ళీ పూసి, పొరల మీద పొరలు వేస్తాం. ఆఖరున ట్యాంకు నిండా నీళ్ళు పట్టి, నీటిమట్టం దగ్గర చాక్‌పీసుతో గీత గీసి ఒక రోజంతా వదిలేస్తాం. మర్నాడు నీళ్ళు ఆ గీత దగ్గరే ఉంటే పాసు. వెంట్రుకవాసి దిగినా మా మేస్త్రీ వచ్చి నా మొహంలోకి చూస్తాడు. ఒక్క మాట అనడు, ఊరికే చూస్తాడు. ఆ చూపుకు భయపడి భయపడి నీళ్ళు లోపలే ఉంచడమొక్కటే నా జీవిత పరమార్థమని స్థిరపడిపోయాను.

ఇంకో సంగతి. నాకు కాలు ఒకచోట నిలవదు. జిగురు ఆరేదాకా ఆగడమే మా పనిలో సగం పని. ఆ సగం నాకు చేతకాదు. ఆరిందా అని వేలు పెట్టి చూడటం, వేలు అంటుకోవడం, దాన్ని లాక్కోవడం, మళ్ళీ రెండు నిమిషాలకు ఇంకో వేలు పెట్టడం. నా వేలిముద్రలు లేని ట్యాంకు మా షెడ్డు గేటు దాటి ఎరగదు.

ఇంతలో బీరంగూడ నుంచి ప్రసాదరావుగారు ఫోన్ చేశారు. గోదావరి జిల్లా వైపు మనిషి. ఉద్యోగం కోసం ముప్పై ఏళ్ళ కిందట ఇటు వచ్చి, పెద్ద ఇంజనీరింగు ప్లాంటులో పనిచేసి రిటైరయ్యి, ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు. మేడ మీద ట్యాంకు కారుతోందంటే ఒక ఆదివారం లైనింగు వేయడానికి వెళ్ళాను. పని మధ్యలో మంచినీళ్ళకని కిందికి దిగితే హాల్లో బల్ల మీద, తెల్లటి తువ్వాలు పరిచి, దాని మీద ఒక ట్రక్కు ఉంది.

బొమ్మ అంటారా? అనండి, నేనూ అలాగే అన్నాను. మూరెడు పొడుగు, కొబ్బరిచిప్పలంత చక్రాలు, ఇనప చట్రం, దానికి బుల్లి స్ప్రింగులు, లోపల గేర్లు. అన్నీ ఆయన సొంతంగా అమర్చినవే. రిమోటు నొక్కితే రాళ్ళ మీద ఎక్కి దిగుతుంది.

"ముట్టుకోవచ్చా సార్?"

"చెయ్యి కడుక్కున్నావా?"

"కడుక్కున్న సార్."

"సబ్బుతో?"

వంటింట్లోంచి వాళ్ళావిడ సుభద్రమ్మగారు తొంగిచూశారు. "నాకు జొరమొస్తే మాత్ర చేతిలో పెట్టి పోతారయ్యా ఈయన. దానికి బురద అంటితే మాత్రం అన్నం సయించదు."

రావుగారు ఆ మాట విననట్టు ట్రక్కును వెల్లకిలా తిప్పి చూపించారు. "ఇదిగో, ఇక్కడే వచ్చింది చిక్కంతా. అడుగు ఖాళీగా ఉంది చూశావా? దుమ్ము, ఇసక, నీళ్ళు, సమస్తం కిందినుంచే పైకి వస్తాయి. చిట్కుల్ అవతల వాగుంది కదా, అక్కడ ఆదివారాలు మావాళ్ళు ఏడెనిమిది మంది చేరతారు. అందరి ట్రక్కులూ వాగు దాటాయి. నాది రెండుసార్లు దింపాను. రెండుసార్లూ గేర్లలో ఇసక పడి నడివాగులో ఆగిపోయింది."

"మల్లొకసారి దింపుండ్రి సార్."

ఆయన తన మోకాళ్ళ వైపు చూసుకున్నారు. చేతికర్ర పక్కనే ఉంది. "వచ్చే ఆదివారమేనయ్యా మిగిలింది. ఆ తర్వాతి బుధవారం నాకు మోకాళ్ళ ఆపరేషను. ఆర్నెల్లు గడప దాటకూడదుట. ఆర్నెల్ల తర్వాత రాళ్ళలో తిరగనిస్తారో లేదో. అది ఒక్కసారి అవతలి గట్టు ఎక్కితే చూడాలని ఉంది, అంతే."

ఒక పెద్దాయన పసివాడిలా అలా అడిగేసరికి నాకు లోపల ఏదోలా అయిపోయింది. అక్కడ ఆగి ఆలోచించే రకం అయితే నేను నేనెందుకవుతాను?

"నాకియ్యుండ్రి సార్! మేము యాసిడే ఆపుతం, వాగు నీళ్ళొక లెక్కనా? అడుగుకెల్లి చుక్క నీళ్ళు, చిటికెడు మట్టి పోనియ్య. నాది జిమ్మ!"

ట్రక్కును పాత శాలువాలో చుట్టి నా చేతికిచ్చారు. స్కూటరు మీద ముందు పెట్టుకుని నేను వీధి మలుపు తిరిగేదాకా గేటు దగ్గరే నిలబడ్డారు. ఇల్లు చేరకముందే మొదటి ఫోను వచ్చింది.

"గతుకుల్లో నెమ్మదిగా వెళ్తున్నావా?"

చిట్కుల్‌లో మేం ఉండేది కిరాయికి తీసుకున్న రెండు గదుల ఇల్లు. శాలువా విప్పగానే నా భార్య లావణ్య నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏందయ్యా గిది? పోరగాండ్లు ఆడుకునేది నీకెందుకిచ్చిండ్రు?"

"ఆడుకునేది కాదే. దీనికి లైనింగు ఎయ్యాలె. ఆదివారం వాగు దాటాలె."

"నువ్వా?"

"ట్రక్కు!"

సోమవారం సాయంత్రం పని మొదలుపెట్టాను. అట్టముక్కలు కోసి, ట్రక్కు అడుగుకు సరిపోయేలా తొట్టి ఆకారంలో అచ్చు తయారుచేసి, దాని మీద గాజు నార పరిచాను. ఇంకెవరైనా అయితే ఒక్క పొరతో సరిపెట్టేవాళ్ళు. నేను మూడు వేశాను. వాగులో నీళ్ళకు బదులు యాసిడ్ పారినా తట్టుకోవాలని నా పట్టుదల. ఫ్యాక్టరీల నీళ్ళు కలిసే మా వైపు వాగుల సంగతి తెలిసినవాళ్ళకు ఇది మరీ అతిశయోక్తి అనిపించదు.

జిగురు త్వరగా ఆరాలని గట్టిపరిచే మందు కాస్త ఎక్కువ పోశాను. కాస్త అంటే కాస్తే. గిన్నె బుసబుసమని పొగలు కక్కింది. అది లావణ్య పెరుగు తోడుపెట్టే గిన్నె అన్న సంగతి అప్పుడు తెలిసింది. లోపలి జిగురు రాయిలా బిగుసుకుని ఈనాటికీ అందులోనే ఉంది. ఆ వారమంతా మా ఇంట్లో పెరుగు లేదు, నాతో మాటలూ అంతంత మాత్రమే.

రెండో పొర వేసి డ్యూటీకి వెళ్ళాను. గంటకోసారి ఇంటికి ఫోను.

"ఎండిందానే?"

"నాకేం తెల్సు?"

"జెర ముట్టి సూడు."

"ముడితే అంటుకుంటది గద?"

"అంటుకుంటే ఎండనట్టు. అంటుకోకుంటే ఎండినట్టు."

"నువ్వే వచ్చి అంటుకో!" అని ఫోను పెట్టేసింది. ఆ మరుక్షణమే రావుగారి ఫోను. "ఏమయ్యా మల్లేశం, ఆరిందా?" ఆయన ఆత్రం నాకు, నా ఆత్రం లావణ్యకు, రోజంతా అలా చేతులు మారుతూనే ఉంది. సాయంత్రం ఇంటికి వెళ్ళి చెప్పులైనా విప్పకుండా బొటనవేలు పెట్టి చూశాను. అంటుకుంది. కొబ్బరినూనె పోసి, లావణ్య వేలును, నేను తొట్టిని పట్టుకుని చెరోవైపు లాగాం.

గురువారానికి తొట్టి సిద్ధమైంది. అడుగు, ముందు, వెనక, పక్కలు, ఎక్కడా సందు లేకుండా చట్రం పై అంచుదాకా లేపి బిగించాను. ఇరుసులకు వెళ్ళే కడ్డీల దగ్గర రబ్బరు తొడుగులు వేశాను. అతుకులన్నిటికీ సీలెంటు పూశాను. చీమ దూరాలన్నా నన్ను అడిగే దూరాలి.

ఇక టెస్టు. శుక్రవారం పొద్దున బ్యాటరీ, మోటారు, కరెంటు పెట్టె అన్నీ విప్పి పక్కన పెట్టి, ట్రక్కును వాకిట్లో స్టూలు మీద నిలబెట్టి, తొట్టిలో చెంబుతో నీళ్ళు పోశాను. మట్టం దగ్గర చాక్‌పీసుతో గీత గీశాను. లావణ్య ముగ్గుగిన్నెతో బయటికి వచ్చి ఆగిపోయింది.

"లోపటికి నీళ్ళు రావద్దనిరి. నువ్వే పోస్తున్నవేంది?"

"టెస్టు. కారుతదో లేదో సూడాలె."

"కారకపోతే?"

"కారకపోతే పాసు!"

ఆమె తల కొంచెం పక్కకు వాల్చి తొట్టి వైపు చూసింది. "మరి పైకెల్లి పడ్డ నీళ్ళు ఎట్ల పోతయ్?"

ఇప్పుడు ఈ ప్రశ్న రాస్తుంటే నా చెవులు వేడెక్కుతున్నాయి. అప్పుడు మాత్రం నవ్వాను. జాలిగా, పెద్దమనిషి తరహాగా, పదేళ్ళ అనుభవం ఉన్నవాడు నవ్వినట్టు నవ్వాను. "నీళ్ళు రానే రావంటున్న గద. రాని నీళ్ళు పోవుడేందే?"

లావణ్య ఇంకేం అనలేదు, ముగ్గు వేసుకుంటూ పోయింది. ఆమె ఏమీ అనకపోతే భయపడాలని నాకు పెళ్ళయిన రెండేళ్ళకు గాని తెలియలేదు. అప్పటికి ఇంకా ఏడాదే అయింది.

శనివారం పొద్దున లేవగానే వాకిట్లోకి పరిగెత్తాను. నీళ్ళు గీత దగ్గరే ఉన్నాయి. స్టూలు కింద నేల పొడిగా ఉంది. మా మేస్త్రీ ఉంటే కౌగిలించుకునేవాడు. రావుగారికి ఫోను చేశాను.

"సార్, పాస్!"

"చుక్క?"

"చుక్క గూడ కారలే సార్!"

"శభాష్! ఇదిగో సుభద్రా, చుక్క కూడా కారలేదుట!" అని ఆయన ఇల్లంతా వినపడేలా అరవడం ఫోనులో వినిపించింది. ఆ రోజు నేను నేల మీద నడవలేదంటే నమ్మండి.

ఆదివారం పొద్దున వాగు దగ్గరికి చేరాం. అంతకు ముందటి వారం పట్టిన ముసురుకు వాగు బాగానే పారుతోంది. వెడల్పు పది పన్నెండు అడుగులుంటుంది. ట్రక్కులు దాటేచోట జానెడు లోతు, కింద గట్టి ఇసక. కాస్త కిందికి పోతే మోకాలి లోతు గుంట. రావుగారు ఆటోలో వచ్చారు. వెంట ఒక ప్లాస్టిక్ కుర్చీ, చేతికర్ర, ఫ్లాస్కు, సుభద్రమ్మగారు.

"కూర్చున్నచోటినుంచి లేవకూడదు. డాక్టరుగారు ఏం చెప్పారో గుర్తుందిగా?" అన్నారావిడ.

"లేవను. చూడ్డానికే కదా వచ్చాను," అన్నారాయన. అంటూనే రెండుసార్లు లేచారు.

రిమోటు నా చేతికిచ్చారు. "నువ్వే నడుపు మల్లేశం. నేను తీరిగ్గా కళ్ళారా చూస్తాను." మొదట రాళ్ళ మీద తిప్పాను. ఆ తర్వాత బురదలో దింపాను. బయటికి తీసి వెల్లకిలా తిప్పి చూపిస్తే అడుగున బురదంతా తొట్టికే అంటుకుని ఉంది, మళ్ళీ నిలబెట్టి పైనుంచి చూస్తే లోపలి గేర్లు పెళ్ళికూతురు నగల్లా మెరుస్తున్నాయి. చేరినవాళ్ళంతా వంగి వంగి చూశారు. ఒకాయన ఫోటో కూడా తీసుకున్నాడు. రావుగారు తొట్టి మీద అరచెయ్యి వేసి నిమిరారు. "ఇదయ్యా పనంటే," అన్నారు. ఆ మాటకు నా కాళ్ళు ఇక ఆగలేకపోయాయి.

"దింపాల్నా సార్, వాగుల?"

"దింపు!"

ట్రక్కు గట్టు దిగింది. ముందు చక్రాలు నీళ్ళలోకి వెళ్ళాయి. వెనక చక్రాలూ వెళ్ళాయి. ఒక అడుగు, రెండడుగులు, మూడు. ఆ తర్వాత అది చిన్నగా నడుము ఊపింది.

"ఎటు తిప్పుతున్నావయ్యా?"

"నేను తిప్పుతలేను సార్, అదే తిరుగుతుంది."

"ముందుకు పోనీ!"

"ముందుకే ఒత్తుతున్న సార్!"

"మరి పక్కకు పోతోందేం?"

వెనకనుంచి ఎవరో అరిచారు. "అన్నా, అది నడుస్తలేదు! తేలుతుంది!"

నిజమే. సందు లేని తొట్టిని నీళ్ళలో పెడితే ఏమవుతుంది? పడవ అవుతుంది. ఈ సంగతి మీకు తెలుసు, నాలుగో తరగతి పిల్లలకు తెలుసు. ట్యాంకులు చేసేవాడికి తెలియదు. నా ట్యాంకుల్లో నీళ్ళు ఎప్పుడూ లోపలే ఉంటాయి, నేను బయట ఉంటాను. నీళ్ళు బయట ఉండి, వస్తువు నీళ్ళలో ఉండే సందర్భం నా సర్వీసులో అంతవరకూ రాలేదు.

ట్రక్కు ప్రవాహానికి అడ్డంగా తిరిగి, నాలుగు చక్రాలూ గిర్రున తిప్పుకుంటూ, లోతు గుంట వైపు హుందాగా సాగింది. నేల తగిలితే పట్టు దొరుకుతుందని నేను ఇంకా గట్టిగా నొక్కాను. నొక్కినకొద్దీ చక్రాలు నీళ్ళు చిమ్మాయి. చిమ్మిన నీళ్ళన్నీ పైనుంచి వచ్చి తొట్టిలో పడ్డాయి. పడ్డ నీళ్ళు ఎటు పోతాయి? పాసయిన తొట్టి కదా, ఎటూ పోలేదు. చాక్‌పీసు గీత దాటాయి. అంచు దాకా వచ్చాయి. బుడుంగుమని ఒక్క శబ్దం. అంతే.

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. రావుగారి ముఖం చూసే ధైర్యం లేక నీళ్ళ వైపే చూస్తూ నిలబడ్డాను. పరిగెత్తి వెళ్ళి తియ్యాలి కదా? ఎప్పుడూ నిలవని నా కాళ్ళు ఆ ఒక్కసారి భూమిలో పాతినట్టు నిలిచిపోయాయి. బొటనవేలు మాత్రం రిమోటును ఇంకా ముందుకే నొక్కుతోంది.

నా పక్కనుంచి ఎవరో నీళ్ళలోకి దిగారు. రావుగారు. చేతికర్ర లేదు.

"ఏమండీ!" అని సుభద్రమ్మగారు కేకపెట్టారు. "మోకాళ్ళండీ! బుధవారమే ఆపరేషనండీ!"

ఆయన వినలేదు. ఇస్త్రీ ప్యాంటుతో గుంటలోకి నడిచి, వంగి, రెండు చేతులతో ట్రక్కును పైకి లేపారు. మామూలు ట్రక్కయితే ఎత్తగానే నీళ్ళు కారిపోవాలి. నాది కారలేదు. నిండు బిందెలా ఆయన చేతుల్లో బరువుగా నిలిచింది. ఆయన లోపలికి చూశారు.

"మల్లేశం."

"సార్."

"ఇందులో చేపపిల్ల ఉందయ్యా."

"సార్..."

"తిరుగుతోంది. బాగానే ఉంది. నీళ్ళు పోయే కన్నం ఎక్కడ పెట్టావు?"

"పెట్టలే సార్."

"ఎందుకు పెట్టలేదు?"

"నీళ్ళు రావనుకున్న సార్. తప్పయింది సార్. మీకు మాటిచ్చి గిట్ల చేసిన."

ఆయన ట్రక్కును జాగ్రత్తగా వంచి, చేపపిల్లను ముందు వదిలి, ఆ వెనక నీళ్ళు పారబోశారు. "ఇంజనీరును నేను. అంత సర్వీసు చేసి నేనూ అడగలేదు కదయ్యా," అన్నారు.

"ఇక రండి," అన్నారు సుభద్రమ్మగారు ఇటు గట్టునుంచి, ఏడుపు గొంతుతో.

రావుగారు ఇటు గట్టు చూశారు. అటు గట్టు చూశారు. ట్రక్కును చంటిపిల్లలా ఛాతీకి ఆనించుకుని అటు గట్టు వైపు నడిచారు. ఒక్కో అడుగూ తడుముకుంటూ వేస్తుంటే అందరం ఊపిరి బిగబట్టి చూశాం. గట్టు చేరి, వంగి, దాన్ని నాలుగు చక్రాల మీద పొడి మట్టిలో నిలబెట్టి, ఇటు తిరిగి రెండు చేతులూ పైకెత్తి అరిచారు.

"దాటింది!"

అప్పుడు నవ్వారందరూ. చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం కళ్ళు చెమ్మగిల్లాయి, సిగ్గుపడకుండా చెబుతున్నాను. కళ్ళు తుడుచుకుని కేకవేశాను. "మస్తుంది సార్! ఇగ జల్దీ రాండ్రి!"

"రాలేనయ్యా. మోకాళ్ళు పనిచెయ్యడం లేదు."

ఆ ప్లాస్టిక్ కుర్చీని అటు తీసుకెళ్ళి, ఆయన్ని అందులో కూర్చోబెట్టి, ఒళ్ళో ట్రక్కు పెట్టుకుంటే నలుగురం కుర్చీకి తలో కాలు పట్టుకుని వాగు దాటించాం. దారి పొడవునా ఆయన "నెమ్మదయ్యా, దానికి తగిలేను" అంటూనే ఉన్నారు. తనకు తగిలితే ఫరవాలేదన్నమాట. ఇటు గట్టు చేరగానే సుభద్రమ్మగారు ఆయన్ని వదిలి నా వైపు తిరిగారు. "నాయనా మల్లేశం, దాని అడుగుకు వేసినంత గట్టిగా ఈయన మోకాళ్ళకు వేసి ఉంటే ఆపరేషనే తప్పేది కదయ్యా!"

మర్నాడు ఆస్పత్రిలో డాక్టరు చూసి తిట్టారట. మోకాళ్ళు వాచాయి, వాపు తగ్గేదాకా ఆపరేషను కుదరదు, రెండు వారాలు ఆగాలన్నారట. ట్రక్కులో మోటారుకు కరెంటు అందించే పెట్టె పోయిందట. ఈ రెండు కబుర్లూ రావుగారే ఫోనులో చెప్పారు. తిడతారని చెవికి దూరంగా పట్టుకుని విన్నాను. ఆయన తిట్టలేదు.

"తొట్టి విప్పేశానయ్యా. కడ్డీల కన్నాలకు బిరడాలు బిగించి, వేడినీళ్ళు పోసి, అందులో పాదం పెట్టుకుని కూర్చుంటున్నాను. సరిగ్గా పట్టింది. చుక్క కారడం లేదు!"

ఇంతలో ఫోను సుభద్రమ్మగారు లాక్కున్నారు.

"నాయనా, రెండో కాలికి కూడా ఒకటి చేసి పట్టుకురా. ఒకటే ఉంటే ఈయన కాళ్ళు మార్చి మార్చి పెడుతూ ఇల్లంతా తడిపేస్తున్నారు."

కనుక మహాజనులారా, గాజు నార సాక్షిగా, రెజిన్ సాక్షిగా, రాయైపోయిన పెరుగుగిన్నె సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఈ ఊపిరి ఉన్నంతవరకు, చక్రాలున్న ఏ వస్తువుకైనా సరే, నీళ్ళు పోయే దారి చూపించకుండా అడుగు మూయను. భార్య అడిగిన ప్రశ్నకు నవ్వను. రావుగారి రెండో పాదానికి చేసిన తొట్టి మాత్రం ఈ ప్రమాణం కిందికి రాదు. దాన్ని మూడు పొరలు వేసి, ఒక రోజంతా నీళ్ళు నింపి, గీత గీసి చూసి మరీ ఇచ్చాను. పాసు.